బాలామణి పెట్టని సంతకం

మద్రాసు చింతాద్రిపేటలో మా పక్క పోర్షన్ బాలామణి ఎవరికీ జడిసే మనిషి కాదు. రిజిస్టర్ కవరంటే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. సంతకం పెట్టకపోతే ఆ కాగితం మనకు అందనట్టేనని వాళ్ల నాన్న చెప్పిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లోనే రవికెలు కుట్టుకుంటూ, ఆయన మాట జవదాటలేదు.

పోయిన ఆడి నెలలో, జూలై చివర్లో, పోస్ట్‌మన్ మణికంఠ కోర్టు ముద్ర ఉన్న కవరు తెచ్చాడు. ఇంటి ఓనరు చక్రవర్తి ఖాళీ చేయిస్తానని అప్పటికే బెదిరిస్తున్నాడు. బాలామణి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు తంబీ. తలుపు తాళమేసుందని రాసుకో."

"ఎదురుగా నిలబడుకోనుండావు గదక్కా, అట్ట ఎట్ట రాసేది?"

వద్దన్నదని రాసుకుని వెళ్లిపోయాడు. ఆమె గెలిచినంత సంబరంగా నాకు కాఫీ ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. అయినా కాఫీ తాగి ఊరుకున్నాను, అది నా తప్పే.

వద్దన్న నోటీసు అందినట్టే లెక్కట. ఆమె వాయిదాకు పోలేదు, కోర్టు ఆమె మాట వినకుండానే ఇల్లు ఖాళీ చేయమంది. ఆ ఉత్తర్వు తలుపుకు అంటించిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, మిషను ఆపి చెవులు రిక్కించేది. ఆ మిషను ఆగినప్పుడల్లా గోడకివతల నాకూ భయమేసేది.

ఉత్తర్వు రద్దు చేయమని అడగడానికి ఆమెను లాయరు హైందవి దగ్గరికి తీసుకెళ్లాను.

"పోస్ట్‌మన్ అసలు రాలేదని, రాకుండానే రాసేశాడని చెప్పండి. పని సులువవుతుంది" అందామె.

"చెప్తే ఆ పిల్లోడి ఉద్యోగం?" అంది బాలామణి.

హైందవి అర్జీ రాయడానికి కాగితాలు తీసింది.

కోర్టులో జడ్జి అడిగాడు, పోస్ట్‌మన్ వచ్చాడా లేదా అని. హైందవి నేలచూపులు చూసింది.

"వచ్చినాడయ్యా. నేనే వద్దన్నా. సంతకం పెట్టకుంటే కాగితం అందనట్టేనని మా నాయన చెప్పుంటే నమ్మినా."

చక్రవర్తి లాయరు నవ్వాడు. ఒప్పుకున్నాక ఇంకేముంది అన్నాడు. ఎంత మొద్దు మనిషివే బాలామణీ అని నాలో నేనే తిట్టుకున్నాను. జడ్జి కాగితాలు తిప్పి చూశాడు.

"అబద్ధం చెప్పడానికి వీలుండీ చెప్పలేదు. పాత ఉత్తర్వు రద్దు చేసి, ఈమె మాట కూడా విని తీర్పు చెబుతాను. నోటీసు మాత్రం ఇప్పుడే, ఇక్కడే తీసుకోవాలి."

గుమాస్తా పెన్ను ఇచ్చాడు. సూది కన్నంలో ఒక్కసారికే దారం ఎక్కించే మనిషి, "ఈడేనా?" అని రెండుసార్లు అడిగి సంతకం పెట్టింది.

ఇల్లు దక్కుతుందో లేదో ఇంకా తేలలేదు. మర్నాడు మణికంఠ సైకిలు గంట మోగగానే బాలామణి తనే తలుపు తీసింది. అతను తెచ్చింది నా కవరు. అది తెలియక, ఆమె పెన్ను కోసం చేయి చాపి నిలబడింది.