గాలి తగిలితే నీలం

రాజాంలో పాలకొండ రోడ్డు మీది ఈశ్వరి బ్యూటీ పార్లర్ తెలియని కాలేజీ పిల్ల ఉండదు. ఆ పార్లర్‌లో అసలు అధికారం మాత్రం ఈశ్వరిది కాదు, వాళ్లమ్మ నారాయణమ్మది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ల తలలన్నీ తనిఖీ చేస్తూ ఉంటుంది. ఎవరికి జుట్టు రాలుతోందో, ఎవరు ఇంట్లో అలిగొచ్చి జడ కత్తిరించుకుంటున్నారో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. డెబ్భై దాటి చాలాకాలమైంది. తల ముగ్గుబుట్ట అయింది గాని నోటి కారం ఏమాత్రం తగ్గలేదు.

మొన్న రేఖ అనే డిగ్రీ అమ్మాయి వచ్చి జడ కొసలకు ముదురు నీలం వేయించుకుంది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే నారాయణమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. అడగాపెట్టకుండా జడ కొస పట్టుకుని వెలుతురు కేసి తిప్పి చూసింది. పిల్ల బిత్తరపోయింది.

“ఒలే ఈశ్వరీ, ఇది మీ నాయన నీలమే,” అంది.

“అవునే అమ్మా, ఇంచుమించు అదే,” అంది ఈశ్వరి రంగు గిన్నె కడుగుతూ.

“నాకూ ఎయ్యి.”

ఈశ్వరి నవ్వింది. తల్లి నవ్వలేదు. “నవ్వుతావేటే? ముసిలోళ్లకి ఎయ్యకూడదని డబ్బా మీద గానీ రాసుందేటి?” అంది.

ఆ నాయన సంగతి చెప్పకపోతే ఈ నీలం సంగతి ఎవరికీ తలకెక్కదు. చీపురుపల్లికి ఇవతల ఒక నేత ఊళ్లో సోములుది నూలుకు రంగు వేసే పని. రంగు సోములు అనేవారు. ఎరుపూ పసుపూ ఎవరు వేసినా సరిపెట్టుకునేవారు గాని, నీలం మాత్రం సోములు చేతిదే కావాలని నేతగాళ్లు పట్టుబట్టేవారు. నలుపు దాకా వెళ్లి, ఒక్క అడుగు ముందు ఆగిపోయిన నీలం అది. ఊడుపుల్లో బురద అంటినా కనబడదని కూలికెళ్లే ఆడవాళ్లు సంతలో ఆ కోకలే వెతుక్కునేవారు. సోములు చేతులు మోచేతుల దాకా అదే రంగు. పెళ్లిలో అక్షింతలు వేసినా, చావుకెళ్లి పాడె మోసినా ఆ నీలం చేతులే.

నారాయణమ్మ పదిహేనేళ్లకు ఆ ఇంటికి కోడలై వచ్చింది. ఆమెకు అప్పటికి వంట సరిగా రాదు, మొగుడికి మాట సరిగా రాదు. సంసారం మాత్రం సాగింది. ఆమె నూతిలోంచి నీళ్లు తోడి, కాచి ఇస్తే, ఆయన తొట్టి కలిపేవాడు.

నీలం తొట్టిలో ఒక చోద్యం ఉంది. ముంచి తీసిన నూలు నీలంగా రాదు, ఆకుపసరులా పసిరి రంగులో వస్తుంది. పిండి దండెం మీద ఆరవేస్తే, గాలి తగిలినకొద్దీ, కళ్లముందే నీలంలోకి తిరుగుతుంది. కొత్త కోడలు మొదటిరోజు ఆ పసిరి నూలు చూసి, తను తోడిన నీళ్ల వల్లే తొట్టి చెడిపోయిందని ఏడుపు అందుకుంది. అత్త పరుగెత్తుకొచ్చింది. సోములు ఎవర్నీ ఏమీ అనలేదు. పెళ్లాన్ని దండెం పక్కన పీట మీద కూర్చోబెట్టి, “గాలి తగల్నీ,” అన్నాడు. తరవాత ఆ ఇంట్లో అదే సామెత అయిపోయింది. కొడుకు గిరిబాబు పదో తరగతి తప్పినప్పుడూ అదే మాట, ఈశ్వరి అత్తారింటి నుంచి అలిగి వచ్చేసినప్పుడూ అదే మాట. గాలి తగలాలి, అన్నీ అవే సర్దుకుంటాయి అని.

అన్నీ సర్దుకోలేదు లెండి. మిల్లు నుంచి రంగు వేసిన నూలే రావడం మొదలైంది. సోములు తొట్టి గేదెలకు కుడితి తొట్టి అయింది. ఆయన చేతుల మీది రంగు కొన్నాళ్లకు గోళ్లలోకి పోయింది, మరికొన్నాళ్లకు అక్కడా లేకుండా పోయింది. తరవాత ఆయనా పోయాడు. నారాయణమ్మ దగ్గర మిగిలిన ఆఖరి నీలం కోక వెలిసేదాకా కట్టి, చిరిగాక బొంతలో కుట్టుకుని, ఆ బొంత కూడా చివికిపోయాక ఊరు వదిలి కూతురి దగ్గరికి వచ్చేసింది. సోములు నీలం ఈ లోకంలో గుడ్డపేలికగానైనా మిగల్లేదు. అందుకే పగలు నవ్వొచ్చిన కోరికే ఈశ్వరికి అన్నాలవేళకు నవ్వులాట కాకుండా పోయింది. అమ్మ బతికుండగా ఆ రంగు ఇంకొక్కసారి చూడాలి. తనకూ చూడాలనే ఉంది.

నోట్లో నువ్వుగింజ నానని నారాయణమ్మ ఈ లోపల విజయనగరంలో ఉన్న కొడుక్కి ఫోనులో చెప్పనే చెప్పేసింది. గిరిబాబు వెంటనే ఈశ్వరికి చేశాడు. వాడు అక్కను అప్పా అని పిలుస్తాడు.

“అప్పా, నీకు మతిగానీ పోనాదేటి? ఎల్లుండి మా పిల్ల కుమారి నిశ్చితార్థం. మగపెళ్లోరంతా వస్తారు. వాళ్ల ముందర అమ్మ నీలం బుర్రతోటి కూకుంటాదేటి? ముసలోడికి దసరా పండగలాగ. రేపు సాయంత్రం నానే వచ్చి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఆ డబ్బా మూత తియ్యకు.”

“సరేలేరా,” అంది ఈశ్వరి. మర్నాడు పొద్దున్నే మూత తీసింది.

నల్లజుట్టుకైతే ముందు బ్లీచ్ పెట్టి రంగు లాగాలి. తెల్లజుట్టుకు ఆ బాధ లేదు, రంగు తిన్నగా పట్టేస్తుంది. షాంపూతో తల రుద్ది, ఆరబెట్టి, పాయలు పాయలుగా తీసి బ్రష్‌తో పూసింది. నారాయణమ్మ పెళ్లికూతురిలా కదలకుండా కూర్చుంది. పూస్తున్నంతసేపూ ఈశ్వరి పూసిన పాయనే మళ్లీ పూసింది. ఎందరికో ఎన్నో రంగులు వేసిన చెయ్యి అది.

ఇల్లలకగానే పండగైపోతుందా? తల కడిగి తువ్వాలు తీస్తే వెనకంతా అచ్చు సోములు నీలం. ముందర, నుదుటి మీద మాత్రం పసిరి పచ్చ.

ఈశ్వరి ఆ పచ్చ పాయను వేళ్ల మధ్య రుద్ది చూసింది. నీలం కింద పసుపు ఉంటేనే పచ్చ తేలుతుంది. ముందరి వెంట్రుకలకు పసుపు ఎక్కడిది? తోచీతోచగానే తల్లి ముఖంలోకి చూసింది.

“అమ్మా, నువ్వు సుట్ట మానేసినానన్నావు కదే?”

నారాయణమ్మ చెయ్యి గబుక్కున రొంటి దగ్గరికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. ఆవిడది చిన్ననాటి అలవాటు, అడ్డపొగ. నిప్పు ఉన్న కొసే నోట్లో పెట్టుకుని కాల్చడం. మానేశానని కూతురి మీద ఒట్టు పెట్టి, డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున కాలుస్తోంది. పైకి పాకిన పొగంతా ముందరి జుట్టుకు పట్టి పసుపెక్కింది. నూనె రాసి దువ్వుకుంటే నూనె రంగనే అనుకుంది ఈశ్వరి. ఇలాంటి తప్పు ఏ పట్నం పార్లర్‌లోనూ జరగదు. అడ్డపొగ తాగే ముసలమ్మలు అక్కడ రంగుకు రారు.

“ఏటి, పచ్చగుందేటి?” అంది నారాయణమ్మ అద్దంలో చూసుకుని. కోపమూ లేదు, కంగారూ లేదు. “ఉంటాది మరి. గాలి తగల్నీ.”

కుర్చీ చంకన పెట్టుకుని బయటికి నడిచింది. పార్లర్ బోర్డు కింద, గాలి బాగా కొట్టేచోట, వీధి కేసి తిరిగి కూర్చుంది. చెంగు నెత్తిన వేసుకోలేదు. కుర్చీ పక్కన ఒక స్టూలు కూడా వేసుకుంది, ఎందుకో.

ఈ పచ్చ గాలికి మారేది కాదని ఈశ్వరికి తెలుసు. పసుపు విరిచే ఊదారంగు షాంపూతో రుద్ది, ఇంకో పూత వేస్తే తీరిపోయే పని. ఆ మాట చెప్పాలని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది. అమ్మ ముఖం చూస్తే నోరు రాలేదు. ఎన్నేళ్లయిందో ఆ ముఖం అంత తేటగా ఉండి. జుట్టు ఒక పాయ ముందుకు లాక్కుని చూసుకోవడం, వదిలెయ్యడం, వీధిలోకి చూడటం. జుట్టు కత్తిరించుకుందామని వచ్చిన ఇద్దరు పిల్లలు గుమ్మంలో పచ్చనుదురు ముసలమ్మను చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. పోతే పోయారనుకుంది ఈశ్వరి.

పొద్దు వాలుతుండగా గిరిబాబు దిగాడు. దారి పొడుగునా తిట్లు కూర్చుకుని వచ్చినట్టున్నాడు, ముఖం అలాగే ఉంది. అయితే వాడు వచ్చింది కుర్చీ వెనకవైపు నుంచి. వాడి కంటికి ముందు పడింది తల్లి వీపు మీద ఆరుతున్న నీలమే. అక్కడే ఆగిపోయాడు. చిన్నప్పుడు బడికి పోయేముందు దండెం మీద తడి నూలు సర్దడం వాడి పని. అప్పుడు చొక్కాకు రంగు తగలకుండా చేతులు ఎడంగా పెట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడూ చేతులు అలాగే పెట్టుకున్నాడు. తెలిసి పెట్టుకున్నది కాదు.

మెల్లగా ముందుకు వచ్చాడు. నుదుటి మీది పచ్చ చూశాడు.

“ఇంకా గాలి తగలాల,” అన్నాడు.

అని, తనేం అన్నాడో అప్పుడు తెలిసి, తిట్లన్నీ మరిచిపోయి మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటుంటే ఈశ్వరికీ ఆగలేదు. ఇక దాచడం పాపమనిపించింది.

“ఇది మారదే అమ్మా,” అంది దగ్గరకొచ్చి. “ఇది నూలు రంగు కాదు. ఎంత గాలి తగిలినా పచ్చగానే ఉంటాది. లోపలికి రా, సరిసేస్తాను.”

“నాకు తెల్దేటే?” అంది నారాయణమ్మ. “మీ నాయన నూలు మాటాడుతుండగానే మారిపోయేది. పొద్దుటేలనించి ఉన్న పచ్చ ఉన్నట్టే ఉన్నాది. మారదని ఎప్పుడో తెలిసిపోనాది.”

“మరెందుకే ఇంతసేపు కూకున్నావు?”

ముసలావిడ పక్కనున్న ఖాళీ స్టూలు మీద చెయ్యి వేసింది. “తొట్టి కాడ మీ నాయనకి సేతులు కాళీ ఉండేది ఆ కాసేపేనే. ముంచినప్పుడు పలకడు, పిండినప్పుడు పలకడు. ఆరేసినాక, పచ్చ పోయి నీలం తిరిగేదాకా నా పక్కనొచ్చి కూకునీవోడు. నాతోటి మాటాడ్డం అంటే అప్పుడే. అన్నేళ్ల కాపరంలో ఆయన మాట నాను యిన్నదంతా ఆ గాలిలోనే. తొట్టి పోనాక ఆ మాటా పోనాది.”

అక్కాతమ్ముళ్లు ముఖాలు చూసుకున్నారు. పొద్దున్నుంచీ రంగు గురించే దిగులుపడినందుకు ఈశ్వరికి సిగ్గేసింది. నాన్న వాళ్లిద్దరితోనూ అవుననీ కాదనీ తప్ప ఎన్నడూ మాట్లాడి ఎరగడు.

“ఏటి మాటాడీవోడే?” అన్నాడు గిరిబాబు.

“ఏటుంటాదిరా. సద్ది తిన్నావేటి అనీవోడు. మబ్బేసింది, నూలు లోపలెడదామా అనీవోడు. ఈ బుడ్డోడికి నా సెవులొచ్చీసినాయి సూడు అనీవోడు, నిన్ను.”

గిరిబాబు చెయ్యి తన చెవి మీదికి పోయింది. ఈశ్వరి తల్లి భుజం పట్టుకుని, “లెగు అమ్మా, సీకటడతన్నాది,” అంది.

“రంగు బయల్దేరే ముందర సేద్దువులే,” అంది నారాయణమ్మ. పక్కనున్న స్టూలు కూతురి కేసి జరిపింది. “కూకో. నువ్వు పుట్టినప్పుడు ఏటన్నాడో సెప్తాను.”