ప్రభుదాసు జేబులోని కంప్యూటర్లు

మేకల ప్రభుదాసు చనిపోయాడన్న వార్త నాకు సెల్‌ఫోన్ మెసేజ్‌గా వచ్చింది. అప్పుడు చిలకలూరిపేట బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ అందరికీ ఒకేసారి పంపిన మెసేజ్ అది. 'కంప్యూటర్ పార్ట్‌టైమ్ ప్రభుదాసు మృతి. రేపు పదకొండింటికి సంతాప సభ. హాజరు తప్పనిసరి.' ఏడవడానికి కూడా హాజరుపట్టీ పెట్టే కాలేజీలో ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ మాటలు నాకు వింతగా తోచలేదు. వింతగా తోచింది నా మనసు. మెసేజ్ చదవగానే నాకు దుఃఖం రాలేదు, బరువు దిగినట్టయింది. నా సంగతి తెలిసిన ఒక్క మనిషీ పోయాడని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి నాకే వినబడి అసహ్యం వేసింది. వచ్చిన బస్సు ఎక్కకుండా బల్ల మీద కూలబడ్డాను.

ఆ సంగతేమిటో దాచకుండా చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. దీన్ని మన కాలేజీ సంచికలో వేస్తారో లేదో తెలియదు. వేస్తే చదివేవాళ్ళలో సగం మంది ఆయన్ని ఎరిగినవాళ్ళే. ఆయన ఉన్నన్నాళ్ళూ వాళ్ళూ నేనూ కూడా ఆయన్ని 'పార్ట్‌టైమ్' అనే పిలిచాం. సభలో మాత్రం 'ప్రభుదాసు గారు' అయ్యాడు. చచ్చాక పెట్టిన ఆ 'గారు' నేను ఇక్కడ పెట్టను.

సభ గురించి రెండు మాటలు చాలు. గుర్తింపు కార్డు మీది ఫొటోని పెద్దది చేసి ఫ్లెక్సీ కట్టారు. దాంతో ఆయన భుజం మీద ఆఫీసు ముద్ర సగం అలాగే ఉంది. కరస్పాండెంట్ గారు చీటీ చూసి చదువుతూ కూడా ఆయన పేరు ప్రకాశరావు అన్నారు. 'గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక వెలుగులు పంచిన మహనీయుడు' అన్నారు. ఫిజిక్స్ లెక్చరర్ గారు 'మా కళాశాల మణిపూస' అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండు నిమిషాల మౌనంలో మూడు ఫోన్లు మోగాయి. ముందు వరసలో కూర్చుని వీళ్ళందరినీ తిట్టుకుంటున్నాను. నా వంతు రాగానే లేచి నేనూ అలాగే మాట్లాడాను.

ఆయనది కనిగిరి అవతల మెట్ట ఊరు. తల్లిదండ్రులు కూలీలు. మిషన్ హాస్టల్లో చదువుకుని, పైచదువు తానే తంటాలు పడి చదివి, మా కాలేజీలో వారానికి మూడు రోజుల ఉద్యోగానికి వచ్చాడు. మిగతా మూడు రోజులు తన వైపు హైస్కూళ్ళలో పాఠాలు చెప్పేవాడు. కంప్యూటర్లు నేర్పే ఆ మనిషికి సొంత కంప్యూటర్ లేదు. పెన్ డ్రైవులు మన వైపు కొత్తగా వస్తున్న రోజుల్లో ఒకటి సంపాదించి, కొన్ని నెలలు దానితో కుస్తీ పట్టి, అందులోనే ఒక కంప్యూటర్‌ని కూర్చాడు. దాన్ని ఏ సిస్టమ్‌కి గుచ్చినా తెర మీద ఒక కిటికీలాగా ఆయన డెస్క్‌టాప్ తెరుచుకునేది. ఆయన తెలుగు అక్షరాలు, ఆయన పాఠాలు, నిన్న ఎక్కడ ఆపాడో అక్కడే. పని అయ్యాక పీకేస్తే ఆ సిస్టమ్‌లో ఆయన జాడ ఏమీ మిగిలేది కాదు. 'అరువు తెచ్చుకున్న గుడిసెలో సొంత కాపురం' అని ఆయనే నవ్వేవాడు.

స్టాఫ్ రూములో మేము దాన్ని తాయెత్తు అనేవాళ్ళం. ఫిజిక్స్ లెక్చరర్ గారికి రోజూ అదే సరదా.

"ఏమయ్యా ప్రభుదాసూ, కంప్యూటరు జేబులోనే ఉందా, దారిలో ఎక్కడన్నా జారిపోయిందా?"

"ఉందండి. జారిపోయినా ఫరవాలేదు, మీ చేతికి దొరికినా అందులో ఏముందో మీకు తెలియదుగా."

అలా ఉండేది ఆయన మాట. మెత్తని మనిషి కాదు. మాతో టీకి వచ్చేవాడు కాదు. పైవాళ్ళు వస్తే లేచేవాడు గానీ వంగేవాడు కాదు. ఆ నోటి వల్లే మాకు దూరమయ్యాడని సభ తర్వాత ఒకరన్నారు. దూరం మేము పెట్టి నోటి మీదికి నెట్టడం మాకు అలవాటు.

మా ల్యాబు గురించి చెప్పకపోతే ఆయన అర్థం కాడు. ల్యాబు ఇన్‌చార్జిని నేనే. చెప్పులు గుమ్మం బయట విప్పాలి. సిస్టములకి గుడ్డలు కప్పి ఉండేవి. కొత్త సిస్టమ్ వస్తే ముందు నిమ్మకాయ, తర్వాతే కరెంటు. దసరాకి మానిటర్ల నొసట గంధం, కుంకుమ. పిల్లలకి వారానికి ఒక్క గంట, అదీ నా వెనక చేతులు కట్టుకుని నిలబడి. యంత్రం పాడవకుండా ఉండాలంటే దాన్ని ముట్టనివ్వకూడదని నేను నిజంగానే నమ్మాను. ఆ నమ్మకాన్ని క్రమశిక్షణ అని పిలిచి మా ప్రిన్సిపాల్ గారు నన్ను మెచ్చుకునేవారు. ప్రభుదాసు ఒకసారి నా ముందే గుడ్డ తీసి మడిచి నా చేతిలో పెట్టి, "దణ్ణం పెట్టించుకునే యంత్రం పనిచెయ్యదు మాస్టారూ. పని చేయించుకుంటేనే అది యంత్రం," అన్నాడు. ఆ మాటకి నాకు వారం రోజులు మంట.

కనిగిరి వైపు ఒక హైస్కూల్లో ప్రభుత్వం ఇచ్చిన కంప్యూటర్లు గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. ఏదన్నా అయితే తన మీదికి వస్తుందని హెడ్మాస్టరు గారి భయం. ప్రభుదాసు వెళ్ళి, "మీ కంప్యూటర్లో ఏమీ ముట్టుకోను సార్, నా కంప్యూటరు నేనే తెచ్చుకున్నా. మీ తెరా, మీ మీటలూ ఇస్తే చాలు," అన్నాడట. హెడ్మాస్టరు నమ్మలేదు. గంటసేపు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. పెన్ డ్రైవ్ పీకాక తన సిస్టమ్ పొద్దున ఎలా ఉందో అలాగే ఉండటం చూసి తాళంచెవి ఇచ్చేశాడు. ఆ మాత్రం బుద్ధి నాకు రాలేదు.

ఆ బడిలో పిల్లలకి తలా ఒక డెస్క్‌టాప్ తయారుచేశాడు. తెరిస్తే ఎవరి పేరు వాళ్ళకి, ఎవరి బొమ్మ వాళ్ళకి. అన్నీ ఆ చిన్న ముక్కలోనే. పరిమళ అని తొమ్మిదో తరగతి అమ్మాయి తన దాంట్లో మిరప మొక్క బొమ్మ గీసి, వేరు, కాండం, పూత, పిందె అని పేర్లు పెట్టింది. అయితే మెట్ట ఊళ్ళ నుంచి మిరప కోతలకి కుటుంబాలు మా చిలకలూరిపేట వైపు వలస వస్తాయి. పిల్లలూ వెంట వస్తారు. బడి వెనక ఉండిపోతుంది. కోతలు ముగిసి తిరిగి వెళ్ళేసరికి పాఠాలు దాటిపోయి ఉంటాయి, ఆడపిల్లలు చాలామంది ఇక వెళ్ళరు. ఏటా ఇంతేనని మేమంతా ఒప్పుకున్నాం. ప్రభుదాసు ఒప్పుకోలేదు. పేట చుట్టుపక్కల చేల గట్ల మీద టార్పాలిన్ గుడారాలన్నీ వెతికి తన పిల్లల్ని తొమ్మిది మందిని పట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చాక, వాళ్ళని మా ల్యాబుకి తెచ్చాడు. పెన్ డ్రైవ్ గుచ్చాడు. కనిగిరి పక్కన ఆపేసిన బొమ్మ చిలకలూరిపేటలో తెరుచుకుంది. పరిమళ తెర మీద పిందెని వేలితో తాకి చూసింది. అంత నిదానంగా లేచే కంప్యూటర్ని నేనెప్పుడూ చూడలేదని వెటకారం చేస్తే, "లేస్తుందిగా, చాలు," అన్నాడు.

ఆ ఆదివారాలు నాలుగు జరిగాయి. సోమవారం పొద్దున ఏసీ గదిలో మిరప ఘాటు ఉందని, తుమ్ములు వస్తున్నాయని కామర్సు వాళ్ళు నాకు ఫిర్యాదు చేశారు. నేనూ తుమ్మాను. తుమ్మిన ప్రతిసారీ ఆ పిల్లల మీద కోపం పెంచుకున్నాను.

ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడుతుండగా ల్యాబులో వైరస్ పడింది. ఫైళ్ళు తెరుచుకోవు, సిస్టములు వాటంతటవే ఆగిపోతున్నాయి. ప్రిన్సిపాల్ గారు పిలిపించారు.

"ఎట్లా వచ్చిందయ్యా ఇది?"

"ఆదివారం బయటివాళ్ళు వస్తున్నారు కదండీ. ఆ పెన్ డ్రైవ్," అన్నాను.

అది అబద్ధం. ముందురోజు నేనే, మా బావమరిది ఇచ్చిన పాటల సీడీ ఒకటి నా సిస్టమ్‌లో పెట్టి వాల్యూమ్ తగ్గించుకుని వింటూ కూర్చున్నాను. దాంట్లోంచే వచ్చింది. ఆయన రెండో ప్రశ్న వెయ్యలేదు. నా జవాబు ఆయనకి సరిపోయింది, కామర్సు వాళ్ళకి సరిపోయింది, అందరికంటే ఎక్కువగా నాకు సరిపోయింది. కూలీల పిల్లలు, మెట్ట ఊరి పార్ట్‌టైము, ఘాటు, వైరస్ అన్నీ ఒకే గాటన కట్టడానికి మా కాలేజీలో ఎవరికీ చదువు అడ్డురాలేదు.

పెన్ డ్రైవ్ పెట్టే రంధ్రాలన్నీ మూసెయ్యమని ఆర్డరు. నీళ్ళ పైపుల లీకులకి పెట్టే సీలు ముద్ద తెప్పించాను. రెండు రంగుల ముద్దల్ని చేతిలో కలిపి పిసికి, ఒక్కో సిస్టమ్‌కి ముందూ వెనకా బొటనవేలితో నొక్కాను. రాయిలా గట్టిపడింది. కంప్యూటర్లకి అంత శ్రద్ధగా నేను చేసిన పని అదొక్కటే.

శుక్రవారం వరండాలో ప్రభుదాసు నన్ను ఆపాడు.

"మీ సిస్టమ్ ట్రేలో పాటల సీడీ ఉంది మాస్టారూ. నిన్న మీరు క్లాసుకి వెళ్ళినప్పుడు తీసి చూశాను. దాని నిండా అదే వైరస్."

నేను పక్కకి తప్పుకుని వెళ్ళబోయాను.

"నేను చెప్పను. చెబితే పార్ట్‌టైమోడు పడక చెప్పాడంటారు. మీరే చెప్పండి. ఆదివారం లోపు చెప్పండి, పిల్లలొస్తారు."

"చూద్దాం లేవయ్యా," అన్నాను.

శనివారం ప్రిన్సిపాల్ గారి గది ముందు నుంచి మూడుసార్లు నడిచాను. మూడోసారి ఆయనే పిలిచి, ల్యాబుని కాపాడానని మెచ్చుకున్నారు. థాంక్సండీ అని వచ్చేశాను.

ఆదివారం తొమ్మిది మందీ ఒకే ఆటోలో వచ్చారు. నేను సీలు గట్టిపడిందో లేదో చూడటానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. చెప్పులు గుమ్మం బయట వరసగా విప్పారు. ప్రభుదాసు రంధ్రాలు చూశాడు, నన్ను చూశాడు, "ఇవాళ లేదమ్మా," అని మాత్రం అన్నాడు. పరిమళ వచ్చి ముద్దని గోటితో గీకి చూసింది. కోతల వల్ల ఆ అమ్మాయి గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది.

"మా కంప్యూటరు సారు జేబులో ఉందిగా. మీ దాన్ని మేమేం చెయ్యం కదా సార్. మరి ఎందుకు మూసేశారు?"

"రూల్సమ్మా," అన్నాను.

ఆ మాట తర్వాత అడగడానికి ఏమీ మిగలదు, అందుకే మాలాంటివాళ్ళం దాన్ని దగ్గర పెట్టుకుంటాం.

ఆ తర్వాత ఆయన హైవే పక్క నెట్ సెంటర్లన్నీ తిరిగాడు. ఆయన పెన్ డ్రైవ్‌లో వైరస్ ఉందన్న మా కాలేజీ మాట అప్పటికే వాళ్ళ దాకా పాకి ఉంది, ఎవరూ గుచ్చనివ్వలేదు. చర్చి గదిలో ఒక పాత సిస్టమ్ ఉంటే దాని మీద ప్రయత్నించాడు. దానికి ఈ బరువు మొయ్యడం చేతకాలేదు. కోతలు అయిపోయాయి. పరిమళ మళ్ళీ బడికి వెళ్ళలేదు, స్పిన్నింగ్ మిల్లులో చేరింది. మిగతావాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు, తెలుసుకోలేదు. మరుసటి ఏడు ఆయన్ని మా కాలేజీలో మానిపించారు. ఊరికి వెళ్ళిపోయి, కిడ్నీలు పాడై, నలభై దాటకుండానే పోయాడు. ఆ సీడీ సంగతి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు.

సభ మొక్కుబడి తీర్చుకున్నాక ఆయన ఊరికి ఒక్కణ్ణే వెళ్ళాను. సమాధి మట్టి ఇంకా తడిగా ఉంది. పరిమళ మిల్లు సెలవు పెట్టి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. సీడీ గురించి, నా అబద్ధం గురించి మొత్తం చెప్పాను.

"మాకు అప్పుడే తెలుసు సార్," అంది.

"ప్రభుదాసు చెప్పాడా?"

"ఆయన చెప్పలేదు. ఆ రోజు మీరు మా మొహాలు చూడలేదు. అందుకే తెలిసింది."

క్షమించమని అడగబోతున్నాను. అంతలో ఆమే అడిగింది. "మళ్ళీ కోతలు వస్తున్నాయి. మా చెల్లెళ్ళు ఈసారి మీ పేట వైపే వస్తున్నారు. నాకు వచ్చిన కాడికి నేను చెబుతా. ఆదివారాలు ల్యాబు తెరుస్తారా?"

"ప్రిన్సిపాల్ గారిని అడగాలమ్మా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చేశాక విన్నాను. తడి ఆరని సమాధి పక్కన నిలబడి కూడా అదే మాట. పరిమళకి ఆశ్చర్యం కలగలేదు. తలూపి, తెచ్చిన పూలు సమాధి మీద సర్ది వెళ్ళిపోయింది.

నిన్న వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని అడిగాను. సీడీ సంగతీ చెప్పాను. "పోయినాయన సంగతి ఇప్పుడెందుకయ్యా, కమిటీలో పెడదాం," అన్నారు. కమిటీలో నేనూ ఉన్నాను. మనలో ఎవరు దేనికి ఎంత అడ్డుపడతారో నాకు బాగా తెలుసు. ప్రభుదాసుకి నివాళి అని మనం కట్టిన ఫ్లెక్సీలూ చేసిన ప్రసంగాలూ ఆయనకి అక్కర్లేదు, నా ఈ పశ్చాత్తాపం కూడా అక్కర్లేదు. ఆయన ఒక్కడే ఉండేవాడు, ఎవరినీ అడగకుండా ఆటో మాట్లాడుకుని పిల్లల్ని తెచ్చేసేవాడు. ఇప్పుడు అడిగేవాళ్ళం నలభై మందిమి ఉన్నాం. తెచ్చేవాడు లేడు.