మలేరియా రిజిస్టర్లో ఎస్తేరు

తొమ్మిదేళ్ల పిల్లను కాలికి తాడు వేసి గుంజకు కట్టి ఉంచిన్రు. ఆమె మనసుకు ఏమైందో ఒక్క డాక్టరూ చూడలేదు. చూసే దారి లేదన్నరు. ఎందుకు లేదని అడిగితే, నీ నౌకరీ నువ్వు చూసుకో అన్నరు.

నా నౌకరీ మలేరియా వర్కరు. 1968లో పటాన్‌చెరు పక్కన ముత్తంగి దిక్కు పల్లెలు నాకు అప్పజెప్పిన్రు. పదిహేను రోజులకోసారి ఇంటింటికీ పోయి, జ్వరం ఎవరికన్నా ఉందా అని అడగాలె. ఉంటే వేలు గుచ్చి, గాజు స్లైడు మీద రక్తం తీసి పరీక్షకు పంపాలె. ఏడో తరగతిలో బడి మానినోణ్ణి. రిజిస్టరుకు కావలసిన ఇంగ్లీషు నాకు నేనే నేర్చుకున్న.

ఆ పిల్ల పేరు ఎస్తేరు. తల్లి సువార్తమ్మ, తండ్రి ఇద్దరూ ఇటుక బట్టీ కూలీలు. కార్ఖానాలు లేస్తున్న రోజులు, ఎన్ని ఇటుకలు కాల్చినా చాలకపోయేది. బట్టీకి మట్టి తవ్విన గుంతలో వాన నీళ్లు నిలిచి, ఎస్తేరు తమ్ముడు అందులో మునిగి చనిపోయిండు. పిల్ల గట్టు మీద నిలబడి చూసింది. ఆనాటి నుంచి మాట పోయింది. విడిస్తే గుంత దిక్కే ఉరికేది. అందుకే పనికి పోయేటప్పుడు కట్టి పోయేటోళ్లు.

జ్వరం ఉందా అని అలవాటుగా అడిగిన.

"ఒళ్లు సల్లగనే ఉంది సారూ," అన్నది సువార్తమ్మ. "ఇల్లిల్లు తిరుగుతవు గద, జ్వరం లేనోళ్లకు మీ తాన మందే లేదా?"

వాళ్లు అంతకు ముందే ఒకసారి పట్నం దవాఖానకు తీసుకపోయిన్రు. మీ దిక్కు డాక్టరు చిట్ఠీ ఉంటేనే చూస్తమని అక్కడ తిప్పి పంపిన్రు. మా ఆరోగ్య కేంద్రం డాక్టరేమో, కండ్లతో చూడని పిల్లకు చిట్ఠీ ఎట్ల రాస్తనన్నడు. తీసుకొద్దామంటే, ఆ ప్రయాణం తర్వాత పిల్ల బస్సు కనబడితేనే కిందపడి గోళ్లతో రక్కేది. మీరే జెర ఊరికి రండి సార్ అన్న.

"పిచ్చిదాని కోసం నేను ఊర్లు తిరగాల్నా? నువ్వు పోయి దోమలను చూసుకో," అన్నడు. పక్కన కాంపౌండరు నవ్విండు.

అప్పట్ల మలేరియా దాదాపు పోయిందని అనుకునేటోళ్లం. ఒక్క స్లైడులో క్రిమి కనబడినా మలేరియా ఇన్‌స్పెక్టరు, డాక్టరు ఇద్దరూ ఆ ఇంటికి పోవాలని మా తాన కట్టుబాటు. నేను దాన్ని పట్టుకున్న. బట్టీలో చలిజ్వరంతో వణుకుతున్న పాలమూరు కూలీ వేలు గుచ్చి, రెండు స్లైడులు చేసిన. ఒకటి అతని పేరున, ఇంకొకటి ఎస్తేరు పేరున రిజిస్టర్లో ఎక్కించి పంపిన. డాక్టరు ఒక్కసారి పిల్లను చూస్తే చిట్ఠీ రాయక ఎక్కడికి పోతడు అనుకున్న.

రెండింట్లోనూ క్రిమి తేలింది. జీపు వచ్చింది. డాక్టరు వాకిట్ల నిలబడి గుంజ తాన కూసున్న పిల్లను చూసిండు, తాడును చూసిండు. ఇగ చిట్ఠీ రాయండి సార్ అని బతిమాలిన.

"మలేరియాకు వచ్చిన. మలేరియా రాస్త," అని ఐదు రోజుల గోలీలు రాసి జీపెక్కిండు.

ఇన్‌స్పెక్టరు ఐదు పొద్దులు వచ్చి, ఎదుట నిలబడి మింగించిండు. అసలు సంగతి చెప్తే నౌకరీ పోతది. నేను నోరు విప్పలే. అక్కరలేని మందు ఆ పసిదాని కడుపులకు పోయింది.

ఐదో రోజు సువార్తమ్మ నాకు ఎదురొచ్చింది.

"అన్నీ మింగింది సారూ. మాట ఎన్నొద్దులకు వస్తది?"

అవి మాట తెచ్చే గోలీలు కావని చెప్పిన. ఆమె తాడు ముడి ఒకసారి గుంజి చూసుకొని బట్టీకి పోయింది.

తర్వాత జిల్లా ఆఫీసుకు అర్జీలు పెట్టిన. నెలకొక్క దినమన్నా పిల్లల మనసు చూసే డాక్టరును మా కేంద్రానికి పంపండి, ముందుగాల ఎస్తేరును చూడండి అని. మూడింటికి జవాబు లేదు. నాలుగో దాంట్లో స్లైడు సంగతి ఒప్పుకొని, నన్నేమన్నా చేయండి, పిల్లను మాత్రం చూడండి అని రాసి సంతకం పెట్టిన.

రోగి మంచికని రిజిస్టర్లో అబద్ధం రాస్తే, తర్వాత నిజం చెప్పినా ఆఫీసు ఆ అబద్ధాన్నే నమ్ముతది. నేను నేర్చుకున్నది ఇది.

1971లో జవాబు వచ్చింది. అప్పటికి ఎస్తేరుకు పన్నెండేళ్లు, కాలికి తాడు పోయి గొలుసు వచ్చింది. కాగితంలో ఇట్ల ఉంది:

"సదరు బాలిక పూర్తి చికిత్స పొంది స్వస్థురాలైనట్లు రిజిస్టరులో నమోదైయున్నది. రిజిస్టరుకు విరుద్ధముగా అర్జీదారు చెప్పు మాటలు పరిగణింపబడవు. డాక్టరును పంపవలసిన అవసరము కనబడదు."