ఖిదాష్ గొంతు

బాగ్దాద్‌లో మా కర్ఖ్ పేటంతా ఖిదాష్ కేకతోనే నిద్ర లేచేది. అతను ఉడికించిన శనగలు అమ్మేవాడు. ఆ గొంతు విన్న మసీదువాళ్లు అతన్ని పాఠానికి పట్టుకుపోయారు.

చదువుకోమని కాదు. పెద్ద మసీదులో షేక్ అబూ ముతర్రిఫ్ ప్రవక్త మాటలు చెబుతుంటే జనం వీధి దాకా కూర్చునేవాళ్లు. షేక్‌గారిదేమో దోమ గొంతు. ఆయన అన్న ప్రతి మాటనూ పక్కనే ఎత్తుపీట మీద నిలబడి ఖిదాష్ గట్టిగా అరిచేవాడు. వెనకవాళ్లు అది విని రాసుకునేవాళ్లు. అలిఫ్ అనే మొదటి అక్షరం కూడా దిద్దని మనిషి నోటి గుండానే చదువంతా నడిచేది. ఆ పీటకు నియమం ఒక్కటే: షేక్ అన్నది అన్నట్టు చెప్పాలి. ఒక్కసారి అబద్ధమాడినా ఇక ఆ నోటిని ఎవరూ నమ్మరు.

పీటెక్కాక ఖిదాష్ నడకే మారిపోయింది. "శనగలోడా" అన్నవాళ్లే "అయ్యా" అంటున్నారు మరి!

"ఇంట్లో కూడా పీట వెయ్యమంటావా?" అని భార్య లుబానా దెప్పేది.

"వెయ్యవే, నీ తిట్లు కూడా వీధంతా వినిపిస్తా."

మగవాళ్లకు పట్టుబట్టలు కూడవని పాఠం జరిగిన మరుసటి వారమే, కొత్తగా వచ్చిన కొత్వాలు పట్టు అంగీ తొడుక్కుని, ఒళ్లంతా అత్తరు పూసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. షేక్ ఖిదాష్ వైపు వంగి గొణిగాడు.

ఖిదాష్‌కి గొణిగినా పాఠమే. ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"ఈ పట్టు గాడిదను ముందు కూర్చోబెట్టిందెవడయ్యా? కంపుకి తల పగిలిపోతోంది!"

వెనక కలాలు గరగరా కదిలాయి. "గాడిద తర్వాత ఏంటన్నావు మామా?" అని ఒకడు అడిగాడు కూడా.

కొత్వాలు లేచాడు. "ఎవడన్నాడా మాట?"

ఖిదాష్ తన కాళ్ల కింది పీట వంక చూసుకున్నాడు.

"నేనే దొరా. షేక్‌గారు అనలేదు. నేనే కలిపాను."

"నోర్ముయ్యి!" దోమ గొంతు మొదటిసారి వీధి దాకా వినిపించింది. "నేనే అన్నాను. నన్ను కట్టుకుపో దొరా. వీడు కలిపాడంటే వీళ్లు ఇన్నేళ్లుగా రాసుకున్నదంతా దిజ్లా నదిలో పారెయ్యాలి!"

కొత్వాలు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇది మా అత్తగారు పూసి పంపిన అత్తరు. నాకూ తలనొప్పిగానే ఉంది" అంటూ పోయి చివరి వరసలో కూర్చున్నాడు.

జనం ఘొల్లుమన్నారు. ఖిదాష్ కూడా నవ్వేసి, తర్వాతి మాట కోసం వంగాడు.

"దిగరా నాయనా" అన్నాడు షేక్.

"ఎందుకయ్యా?"

"ఇందాక అబద్ధమాడావు."

"మీ కోసమే కదా!"

"నాకోసమే. అయినా అబద్ధమే. ఇప్పటిదాకా నువ్వు చెప్పింది నేను పక్కనుండి విన్నాను, అది నిలుస్తుంది. ఇక మీదట నీ నోట విని రాసుకోమని వీళ్లకెలా చెప్పను?"

ఖిదాష్ దిగాడు. పీట మీదికి ఒక నూలు వర్తకుడు ఎక్కాడు.

ఆ తర్వాత రోజూ షేక్ తనింటికి పోతూ, మళ్లీ శనగలమ్ముకుంటున్న ఖిదాష్ గంప పక్కన కూలబడేవాడు. ఉప్పెక్కువైందని సణుగుతూ శనగలు తినేవాడు. పీట ఊసు ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు.

"నీ మీద అంత ప్రాణం పెట్టుకున్నాడు, ఒక్కసారి అడిగి చూడరాదూ?" అంది లుబానా.

"అడిగితే ఒప్పేసుకుంటాడేమోనే" అన్నాడు ఖిదాష్. "అప్పుడిక ఆయన్నెవరు నమ్ముతారు?"