బతికే బిడ్డకి ఉంచిన పేరు

దెయ్యాలు, పూనకాలు అంటే నవ్విపారేసేదాన్ని. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఐటీ ఉద్యోగం నాది. కారణం లేకుండా ఏదీ జరగదనే మనిషిని. ఇప్పుడూ దెయ్యం అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా రియ ఆరు నెలలకే పుట్టేసింది. ఏడువందల గ్రాములు. మూడు నెలలు గాజుపెట్టెలో ఉండి బతికి బయటపడింది. ఇప్పుడు ఏడేళ్ళు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, లెక్కలు ఎక్కవు, పట్టుకోకుండా మెట్లు దిగలేదు. అన్నిటికన్నా చేతిరాత కష్టం. తన పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ నాలుగు దిక్కులకు పోతాయి. పుంగ్గోల్‌లో మా ఫ్లాట్ దగ్గరే వారానికోసారి థెరపీకి తీసుకెళ్తాను.

ఒక శనివారం పొద్దున థెరపిస్టు పేరు రాయమంది. పక్కనే ఉన్నాను. రియ తలెత్తకుండా, గీత దాటకుండా, ఇంగ్లీషు అక్షరాల్లో ‘సీతారత్నం’ అని రాసింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

నా జన్మలో వినని పేరది. “ఎవరే ఈవిడ?” అన్నాను.

“మై నేమ్ లా, అమ్మా,” అంది, ఇక్కడి పిల్లల యాసలో.

ఇంటికొచ్చి మావారికి చూపించాను. నవ్వుతారనుకున్నాను. మొహంలో నెత్తురుచుక్క లేదు. “మా అమ్మ చెప్పిందా నీకు?” అన్నారు.

గుచ్చిగుచ్చి అడిగితే బయటపడింది. సీతారత్నం మా అత్తగారి తల్లి. నా పెళ్ళికి ముందే పోయారు. నాకు ‘అమ్మమ్మగారు’ అనే తెలుసు. తొంభై దాటి నిండుగా బతికారట. ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టాలని తల్లీకొడుకులు అనుకున్నారు. రియ పుట్టిన మూడోరోజు ఆసుపత్రి వరండాలోంచి ఈయన తల్లికి ఫోన్ చేసి, “ఇప్పుడు వద్దమ్మా, ఆ పేరు బతికే బిడ్డకి ఉంచుదాం” అన్నారట. నాతో మాత్రం, ఫారం నింపడానికి పొట్టి పేరైతే తేలికన్నారు. పిచ్చిదాన్ని, నమ్మాను.

అత్తగారికి ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పలేదని పిల్ల మీద ఒట్టేశారు. “ఏ పిల్ల మీదండీ?” అన్నాను.

“భయంలో అన్నానే, వదిలెయ్,” అంటారీయన. ఎలా వదిలెయ్యను? నా బిడ్డ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఈ మనిషి అప్పుడే ఇంకో బిడ్డని తలుచుకున్నాడు.

రియ మళ్ళీ ఆ పేరు రాయలేదు. అడిగితే గుర్తులేదంటుంది. ఏడేళ్ళు ఆయన పక్కనే పడుకున్న నాకు తెలియనిది దానికెలా తెలిసిందో, ఈనాటికీ చెప్పలేను.