పెదవులు కనబడాలి

పోయిన వారం మా ఇంట్లో కొత్త టీవీ గోడకెక్కింది. బిగించినతను వెళ్లిపోయాక నా భార్య ఏదో సినిమా పెట్టి, రెండు నిమిషాలు చూసి, "ఏమైంది దీనికి? అందరి మొహాలకీ మైనం పూసినట్ల ఉండాది" అంది. నిజమే. తెర మీద మనిషి తల తిప్పితే తలతో పాటు వెనకున్న గోడ కూడా నూనెలో జారినట్టు జారుతోంది. నేను రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్లాను. పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి 'మూవీ'కి మార్చాను. కదలికల్ని నునుపు చేసే సెట్టింగు ఒకటి లోపలెక్కడో దాక్కుని ఉంటుంది, దాన్ని వెతికి ఆపేశాను. షార్ప్‌నెస్ దాదాపు కిందిదాకా తెచ్చాను. కాసేపటికి తెర మీద వాళ్లు మళ్లీ మనుషుల్లా కనబడ్డారు. "ఇవన్నీ నీకెట్ల తెలుసు?" అని నా భార్య ఆశ్చర్యపోయింది. నేను నేర్చుకున్నవి కావు అవి. మా బావ చేస్తుంటే పక్కన కూర్చుని చూసినవి. ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాను. చెబితే మా అక్క సంగతి దాకా వెళ్లాలి.

మాది కాడుగోడి, కన్నడ నేల. అది నగరంలో కలిసిపోక ముందు నుంచీ అక్కడ ఉంటున్న తెలుగువాళ్లం. అక్కకు పదమూడేళ్లప్పుడు వారం రోజులు పట్టిన జ్వరం ఆమె రెండు చెవులనూ తీసుకుపోయింది. అప్పటికే మాటలన్నీ వచ్చు గనుక మాట నిలిచింది. గొంతు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఎత్తుపల్లాలు పోయి చదునైంది. మా పెదవులు చూసి మాటలు పట్టుకోవడం తనంతట తనే నేర్చుకుంది. వీధికి అవతల ఇద్దరు ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో మెట్ల మీద కూర్చుని మా అమ్మకు చెప్పేది. మా ఇంట్లో ఎవరైనా రహస్యం మాట్లాడాలంటే గోడవైపు తిరగాల్సిందే. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. కుట్టుమిషను నేర్చుకుని రవికెలు కుట్టేది. వచ్చిన ఆడవాళ్లు కొలతలిస్తూ చెప్పుకునే కష్టసుఖాలన్నీ వాళ్ల నోళ్ల వైపు చూస్తూ శ్రద్ధగా అందుకునేది. అంత శ్రద్ధగా తమ మాట పట్టించుకునేవాళ్లు ఇంట్లో లేకనేమో, కొలతలు మారకపోయినా కొందరు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు.

బావకేమో శబ్దమంటే పిచ్చి. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే ఉద్యోగం. పెళ్లిచూపుల్లో ఆయన మాట ఒక్కటీ అక్కకు అందలేదు. కారణం మీసం. పైపెదవి మొత్తం దాని కిందే ఉండేది. అక్క వంటింట్లోకి వచ్చి, "ఈయప్ప మాట్లాడతాండాడో నములుతాండాడో తెలీలేదు" అంది. గుసగుసగానే అన్నాననుకుంది. తన గొంతు ఎంత దూరం వెళుతుందో తనకు తెలియదు కదా, ముందుగదిలో అందరికీ వినబడింది. మూడో రోజున ఆయన మీసం తీసేసి మా ఇంటికి వచ్చాడు. వాళ్లమ్మ మాత్రం, "మీ నాయన బతికుండంగానే మీసం తీస్తివి గదరా" అని చాలా రోజులు ఏడ్చిందట.

పెళ్లయిన కొన్నేళ్లకు బావ ఒక హోమ్ థియేటర్ కొన్నాడు. డిస్కు ప్లేయరు, ఐదు స్పీకర్లు, పెద్ద కుక్కరు పట్టేంత, నేలను అదరగొట్టే వూఫరు. వినపడని భార్య ఉన్న ఇంట్లో ఇన్ని పెట్టెల మోత ఎందుకని చుట్టాలు వెనక నవ్వుకున్నారు. అక్క ఆ నవ్వుల్ని కూడా దూరం నుంచే చదివేసింది. వూఫరు పక్కన పీట వేసుకుని, దాని మీద అరచేయి ఆనించి కూర్చుంది. అప్పటినుంచి అదే ఆమె చోటు. శబ్దం బొమ్మకంటే ముందు రాకుండా కొంచెం వెనక్కి జరిపే సెట్టింగు ఆ ప్లేయరులో ఉండేది. బావ కళ్లు మూసుకుని, తెరిచి, నానా తంటాలు పడి దాన్ని సరిచేస్తే, అక్క చెయ్యి తీయకుండానే, "కాదప్పా, తలుపు పడకముందే నా చేతికి తగల్తాండాది" అనేది. మళ్లీ పెట్టి చూస్తే నిజమే. శబ్దం సంగతిలో ఆ ఇంట్లో తుది తీర్పు ఆమెదేనని బావ నవ్వుతూ ఒప్పుకునేవాడు.

బొమ్మ సంగతి మాత్రం నవ్వులాట కాదు. రంగులు ఎక్కువైతే అందరూ కిళ్లీ వేసుకున్నట్టు పెదవుల అంచులు చెదిరిపోయేవి. షార్ప్‌నెస్ పెంచితే మూతి చుట్టూ తెల్లటి గీత. కదలికల్ని నునుపు చేసే సెట్టింగు మొదటిసారి చూసినప్పుడు, "మాట పెదవి మీద నిలబడకుండా జారిపోతాండాది" అని అక్క కళ్లు నులుముకుంది. పాత సినిమాల చదరపు బొమ్మను తెర నిండా సాగదీస్తే నోళ్లన్నీ వెడల్పై, అందరూ ఒకే మాట చెబుతున్నట్టు ఉండేదట. తెరకు పైనా కిందా నల్ల పట్టీలెందుకు, నిండుగా పెట్టమని మా అమ్మ పోరేది. జూమ్ చేస్తే గడ్డాలు తెగిపోతాయని బావ ఒప్పుకునేవాడు కాదు. సరిపోయిన అంకెలు ప్రతి డిస్కు అట్ట లోపలా పెన్సిలుతో రాసుకునేవాడు. ఇంత చేసినా నటుడు వీపు తిప్పితే అక్కకు మాట పోతుంది. అప్పుడు బావ డిస్కు ఆపి, లేచి, ఆమెకు ఎదురుగా నిలబడి ఆ మాట తను చెప్పేవాడు. కథానాయికవీ ఆయనే చెప్పేవాడు, విలన్‌వీ ఆయనే. రెండున్నర గంటల సినిమా నాలుగు గంటలు నడిచేది. ఆదివారాలు నేను అక్కడే పడి ఉండేవాణ్ని. నాకు ఏ సినిమా కథా సరిగ్గా గుర్తులేదు. ఆయన లేచి నిలబడి చెప్పడమూ, ఆమె తలెత్తి చూడడమూ గుర్తున్నాయి.

కరోనా వచ్చి అందరి నోళ్లూ మూతబడ్డాయి. పాలతను, కూరగాయల బండి ఆమె, మందుల షాపు మనిషి, అందరికీ కళ్లు మాత్రమే మిగిలాయి. అక్కకు బయటి ప్రపంచం ఒక్క వారంలో మూగదైపోయింది. ఆ మాస్కులు సగం తను కుట్టినవే. రవికెల పని ఆగిపోయి, లైనింగు గుడ్డ మిగిలి ఉంటే వీధిలో అందరికీ కుట్టి పంచింది. ఒకరోజు మందుల షాపు దగ్గర ఏదో అడిగితే అతను చెప్పింది అందక, మళ్లీ అడిగి, మళ్లీ అందక, వెనక నిలబడినవాళ్లు విసుక్కుంటుంటే ఊరికే తిరిగి వచ్చేసింది. "అందురూ నన్ను తిడతాండారేమో అనిపిస్తాదప్పా, కండ్లు చూస్తే తెలీదు" అంది నాతో. మూతి దగ్గర ప్లాస్టిక్ కాగితం పెట్టి, పెదవులు కనబడేలా ఒక మాస్కు కుట్టి చూసింది. బావ పెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడేసరికి లోపల ఆవిరి పట్టి తెల్లబడింది. ఇక బయటికి వెళ్లడం మానేసింది. పగలంతా ఆ పాత డిస్కులే పెట్టుకునేది.

రెండో విడతలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. బావకు నాలుగు రోజుల్లో దిగింది. అక్కకు ఊపిరి అందలేదు. బావ ఇల్లు కదలకూడదు గనుక ఆస్పత్రికి నేను తీసుకెళ్లాను. గేటు దాటాక నన్ను రానివ్వలేదు. 'ఈమెకు వినపడదు' అని కన్నడంలో, ఇంగ్లీషులో అట్టముక్క మీద రాసి మెడలో వేశాను. చక్రాల కుర్చీలో తోసుకుపోతుంటే అక్క వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేనేదో అంటున్నానని ఆమెకు అర్థమైంది. నా మాస్కు కిందికి లాగుదామనుకునేలోపే తలుపు మూసుకుంది. అది ఒక్క క్షణం పని. ఆ క్షణం ముందే ఎందుకు లాగలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

లోపల అందరూ తల నుంచి కాలిదాకా కప్పుకున్నవాళ్లు. రాసి చూపిద్దామంటే అక్కకు తెలుగు తప్ప చదవడం రాదు, ఆ వార్డులో తెలుగు రాసేవాళ్లు లేరు. ఒక కేరళ నర్సు నాకు ఫోన్ చేసి, కన్నడమూ ఇంగ్లీషూ కలిపి, "ఆమె ఆక్సిజన్ మాస్కు పీకేస్తోంది, భయపడుతోంది, ఎలా చెప్పాలి?" అని అడిగింది. బావకు చెప్పాను. గంట తర్వాత ఆయన దగ్గర్నుంచి వీడియో వచ్చింది. కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు, మొహం మీద నీడ లేకుండా. నున్నగా గడ్డం గీసుకున్నాడు. జ్వరపడి లేచిన మనిషి, కళ్లు గుంటలు పడ్డాయి. నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. "నేను బాగుండాను. జ్వరం పోయింది. ఆ మాస్కు తియ్యొద్దు. అది గాలి. వాళ్లు మంచోళ్లు. భయపడొద్దు. నేనొస్తా." నేనది నర్సుకు పంపాను. ఆ సాయంత్రం ఆమె మళ్లీ ఫోన్ చేసింది. రెండుసార్లు చూపించిందట. అక్క ఫోనును రెండు చేతులతో పట్టుకుని చూసి, ఆ తర్వాత మాస్కు జోలికి పోలేదట. "ఏదో అంది కూడా. కానీ నాకు తెలుగు రాదు సార్" అంది.

ఆ వీడియో చూసిన రెండో రోజు పొద్దున అక్క పోయింది. మమ్మల్ని దూరం నుంచి చూడనిచ్చారు. అంతా కప్పేసి ఉంది.

కొన్ని వారాల తర్వాత కాగితాల కోసం బావా నేనూ ఆ ఆస్పత్రికి వెళ్లాం. ఆ నర్సును బయటికి రమ్మని బతిమాలాడు బావ. వాహనాలు నిలిపే చోట, మాకు దూరంగా నిలబడి ఆమె మాస్కు తీసింది. చాలా చిన్న వయసు. "ఏమందో కొంచెం గుర్తు చేసుకో తల్లీ" అని కన్నడంలో అడిగాడు బావ. గుర్తుకు తెచ్చుకుంటూ ఆమె నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. మధ్యలో ఒకసారి పెదవులు రెండూ కలిశాయి. గొంతు సరిగ్గా వినబడలేదని, ఆక్సిజన్ హోరులో పెదవుల కదలికే చూశానని చెప్పింది. బావ ఇంకోసారి చూపించమన్నాడు. ఇంకోసారి. మూడోసారికి ఆ పిల్ల ఏడ్చేసింది. ప, బ, మ, ఈ మూడూ పెదవుల మీద ఒకటేలా ఉంటాయని, వెనకా ముందూ మాటలు కలుపుకుని పోల్చుకోవాలని అక్క చెప్పేది. మా దగ్గర వెనకా ముందూ ఏమీ లేదు. ఆటోలో వస్తూ బావ, "రాప్పా అనిందేమో" అన్నాడు. కొంతసేపటికి, "చెప్పు అనిందేమో." ముప్పై ఏళ్లు ఆమె మా పెదవులు చదివింది. ఆమె పెదవులు చదవాల్సిన అవసరం మాకు ఒక్కరోజూ రాలేదు.

తర్వాత కొన్ని నెలలు బావ శబ్దం పూర్తిగా తీసేసి సినిమాలు చూశాడు. పెదవులు చదవడం నేర్చుకుంటానని. వందసార్లు చూసిన సినిమాల్లో కూడా, మాటలు ముందే తెలిసినా, పదింట్లో ఒకటి పట్టుకునేవాడు. ఒక మధ్యాహ్నం, "ఆ నర్సు పాప నోరు ఎట్ల పెట్టింది? నువ్వు ఒకసారి సల్ప చూపీప్పా" అన్నాడు. నేను గుర్తున్నట్టు చూపించాను. ఆయన కాదని తల తిప్పి, తనకు గుర్తున్నట్టు చూపించాడు. రెండూ ఒకటి కావు. ఎవరిది సరైనదో ఇద్దరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆ ప్రయత్నం మానేశాడు.

రోజులు గడిస్తే బాధ తగ్గుతుందని చాలామంది చెప్పారు నాకు. తగ్గిందో లేదో నేను చూసుకోలేదు. ఆమె అన్న ఆ చివరి మాట ఆకారం మాత్రం ఏటికేడు నాలో అరిగిపోతోంది, ఇంకొన్నేళ్లకు అది కూడా మిగలదు.