రెండో పేజీ యాడుండాది?

ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో ఇంటర్నెట్ సెంటరుకు గంటకింతని డబ్బులు కట్టి కూర్చునే కాలంలో, బెంగుళూరు ఏజెంటు ఆరువేలు చెప్పిన వెబ్‌సైటు సర్వరు అద్దెను మూడువేల ఆరువందలకు దించిన మొనగాణ్ణి నేను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? అంగళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన కొత్తిమీర కట్ట కొన్నా ఒక రెమ్మ ఎక్కువ లాగేవాడు. నేను ఆయన్ని మించినాను, అదేం సరుకో తెలియకపోయినా బేరమాడగలను.

మా కుప్పం మేనత్త కొడుకు, నాకు బావ, బెంగుళూరులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి నాతో చేయి కలిపినాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంగళ్ళన్నీ ఒక వెబ్‌సైటులో పెట్టాలి. 'చీరలు' అని వెతికితే చీరల అంగళ్ళు పేజీకి పది చొప్పున రావాలి, కింద 'రెండో పేజీ' అన్నచోట నొక్కితే తరువాతివి రావాలి. కోడంతా బావది, మాటలన్నీ నావి. ఇరవైయారు మంది వర్తకుల దగ్గర మనిషికి మూడువందలు అడ్వాన్సు పట్టినాను. ప్రారంభం నాడు చూసి, మెచ్చి, వాళ్ళు ఏడాది చందా కడితే బావ సొంత ఊళ్ళోనే ఉండిపోవచ్చు. లేదంటే సోమవారం పొద్దునకల్లా బెంగుళూరులో హాజరు కావాలి. (ఆ ఊరి సాంబారులో బెల్లం వేస్తారని బావకు అదొక దిగులు.)

బావకు ఒక పట్టుదల ఉండేది. ప్రతి పేజీ చిరునామా నోటితో చెప్పగలిగేటట్టు ఉండాలి: ఊరి పేరు, ఒక గీత, అంగడి పేరు, అంతే. మధ్యలో ప్రశ్నార్థకాలు, సమానం గుర్తులు ఉండరాదు. వెతికితే మొదటి పది అంగళ్ళు అక్కడికక్కడే వస్తాయి, ఆ తరువాతి రెండో పేజీకి కూడా అంత శుభ్రమైన చిరునామానే. పుంగనూరులో బట్టల అంగడి ఉన్న మా చిన్నాయన దానికి ముచ్చటపడి, తన పేజీ చిరునామాను కొత్త బోర్డు మీద ఎర్రరంగుతో రాయించేసినాడు కూడా. అలాంటి చిరునామాలు నడవాలంటే సర్వరులో ఒక సౌకర్యం ఉండాలట. తప్పకుండా అడగమని బావ దాన్ని ఒక చీటీ మీద ఒకే లైనుగా రాసిచ్చినాడు. నేను ఫోనులో గంటసేపు గుంజితే ఏజెంటు నాలుగువేలకు దిగి, ఇంక దిగనన్నాడు. అప్పుడు చీటీ చదివి వినిపించి, ఇది తీసేస్తే ఎంత తగ్గిస్తావన్నాను. ఆయన సంతోషంగా నాలుగువందలు తగ్గించినాడు. బావకు అన్నీ ఉన్నాయని చెప్పినాను.

ప్రారంభం ఆదివారం. బావ కుప్పంలో తన కంప్యూటరు మీద అంతా సరిచూసుకుని వచ్చి, మదనపల్లె ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఫైళ్ళు సర్వరుకు ఎక్కించేసరికే వర్తకులు కుర్చీలు నింపేసినారు. మొదటి పేజీ దర్జాగా తెరుచుకుంది. నేనే ముందుకొచ్చి 'చీరలు' అని వెతికినాను. పది అంగళ్ళు వచ్చినాయి, ఆ పదిమందీ మీసాలు సర్దుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల వరుసలో చిన్నాయన అంగడి పేరు ఎక్కడో చివర. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పైనుంచి కిందికి మూడుసార్లు చూసినాడు.

"నా అంగడి యాడప్పా?"

"రెండో పేజీలో ఉండాది చిన్నాయనా" అని నొక్కినాను. తెర తెల్లబడి, అలాంటి పేజీ లేదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. మళ్ళీ నొక్కినాను. అదే ముక్క.

"సరే, ఆ రెండో పేజీ యాడుండాది?"

వెనకనుంచి ఎవరో, మొదటి పేజీని కావలసినవాళ్ళకు అమ్ముకున్నట్టుండాడే అన్నారు. గట్టి బేరగాడినని నాకున్న పేరు ఆ నిమిషాన నామీదికే తిరిగింది. చిన్నాయన నా మొహమే చూస్తున్నాడు. నాలుగువందలకు తీసేయించిన ఆ సౌకర్యం చీటీ నా జేబులోనే ఉంది. నేను బావ వైపు చెయ్యి చూపించి, "రాసిందంతా బావ. తప్పు బావదే" అన్నాను. (ఇంత తొందరగా నేను ఏ బేరమూ తెగ్గొట్టలేదు.)

బావ నన్ను ఒకసారి చూసి, లేచి అందరికీ దండం పెట్టి, తప్పు తనదేనని, సాయంత్రానికి సరిచేస్తానని చెప్పినాడు. చెప్పినట్టే ఆరుగంటలకల్లా చిరునామాలన్నిటినీ ప్రశ్నార్థకాల పద్ధతికి మార్చేసినాడు. రెండో పేజీ వచ్చింది, అందులో చిన్నాయన అంగడీ వచ్చింది. బోర్డు మీది చిరునామా కొడితే మాత్రం ఇంక ఏ పేజీ రాదు. చూడడానికి సెంటర్లో మేమిద్దరమే మిగిలినాము.

బస్టాండులో కుప్పం బస్సు ఎక్కేముందు అడిగినాడు.

"నేను రాసింది ఒక్క లైను గదప్పా. ఎంతకమ్మినావు?"

"నాలుగొందలు."

బావ నిజంగానే లెక్కేసి చూసినాడు. "ఇంగో రెండొందలు లాగి ఉండాల్సింది నువ్వు" అని బస్సెక్కినాడు.

ఇప్పుడు లెక్క, దాపరికం లేకుండా. సర్వరుకు కట్టిన మూడువేల ఆరువందలూ గాలికి పోయినాయి. అడ్వాన్సులు వాపసు చేసినాను, అది నష్టం కాదు, ఎప్పుడూ నా డబ్బు కాదు. బోర్డు మళ్ళీ రాయించడానికి ఆరువందలు తీసుకెళ్తే చిన్నాయన ముట్టుకోలేదు, కాబట్టి అదింకా నేను ఇవ్వాల్సిందే. ఇంక బావ ఆరు నెలల కష్టం. పైసా ఇవ్వకుండా వచ్చిందని చాలా ఏళ్ళు దాన్ని లాభం కింద రాసుకున్న ఘనుణ్ణి నేను, తలచుకుంటే నవ్వొస్తుంది. ఇంత ఇవ్వమని బావ ఒక్కమాట అడిగి ఉంటే సగానికి తెగ్గొట్టి ఆ రోజే తీర్చేసి ఉందును. అడగలేదు. అందుకని మొత్తం నామీదే ఉండాది.